అంబులెన్సులో తొలి నిమిషాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

108 వాహనాలలో పనిచేసే అత్యవసర వైద్య సహాయకుల శిక్షణ గురించి ప్రశ్నలు పంపవలసిందిగా గత నెల కోరాము. ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం ప్రాంతాల తెలుగు పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఒకే విషయం అడిగినవాటిని కలిపి, అయిదింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను. ఆ సహాయకులను మన ఊళ్ళలో ఈఎంటీ అనీ, వాహనం నడిపేవారిని పైలట్ అనీ పిలుస్తారు కనుక నేనూ ఆ మాటలే వాడుతున్నాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నేను డిగ్రీ పూర్తిచేసి ఈఎంటీ శిక్షణలో చేరాను. జబ్బుల గురించి, మందుల గురించి ఎక్కువగా నేర్పుతారని అనుకున్నాను. కాని స్థలం సురక్షితమా, స్పృహ ఉందా, గాలి దారి తెరిచి ఉందా, ఊపిరి ఆడుతోందా, నాడి ఎలా ఉంది అనే ఒకే వరుసను బొమ్మ మీద రోజూ పదేపదే చేయిస్తున్నారు. ఇది సరైన శిక్షణేనా?
— ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: బాబూ, మీకు సరైన శిక్షణే ఇస్తున్నారు. ఆసుపత్రిలో డాక్టరు జబ్బు పేరు కోసం వెతకగలడు, ఎందుకంటే అతని చుట్టూ నర్సులు, రక్తపరీక్షలు, ఎక్స్‌రే, అన్నిటికీ మించి కొంత వ్యవధి ఉంటాయి. రోడ్డు పక్కన మట్టిలో మోకాళ్ళ మీద కూర్చున్న ఈఎంటీకి అవేవీ ఉండవు. ఎదురుగా ఉన్న మనిషి ప్రాణానికి అన్నిటికంటే ముందు ముప్పు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి, దానిని అక్కడికక్కడే ఆపడం అతని పని. గాలి అందకపోతే 4 నుంచి 6 నిమిషాలలో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది, తొడలోని పెద్ద రక్తనాళం తెగినా నిమిషాల మీదే ప్రాణం పోతుంది, కాని విరిగిన ఎముక గంటలు ఆగగలదు. మీ చేత వల్లె వేయిస్తున్న వరుస ఈ లెక్క మీద కట్టినదే.

ఒక సందర్భం చెబుతాను. ఘాటు రోడ్డు మలుపులో మోటారు సైకిలు బోల్తా పడి ఇద్దరు పడి ఉన్నారనుకోండి. ఒకరికి కాలి ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది, అతను దిక్కులు పిక్కటిల్లేలా అరుస్తున్నాడు. రెండవవాడు కాస్త దూరంగా వెల్లకిలా పడి గురక పెడుతున్నాడు. చుట్టూ చేరినవాళ్ళు అరుస్తున్నవాడి వైపు మిమ్మల్ని లాగుతారు, గురక పెట్టేవాడు తాగి పడిపోయాడని కూడా అంటారు. అరుస్తున్నవాడికి గాలి ఆడుతోందనీ, మెదడుకు రక్తం అందుతోందనీ ఆ అరుపే చెబుతోంది. స్పృహ లేని మనిషి గురక పెడుతున్నాడంటే నాలుక వెనక్కి జారి గొంతును మూసివేస్తోందని అర్థం. అతని తల దగ్గర కూర్చుని, రెండు చేతుల వేళ్ళను దవడ మూలల కింద ఉంచి దవడను పైకెత్తితే, మెడ కదలకుండానే గాలి దారి తెరుచుకుంటుంది, గురక ఆగిపోతుంది. ఇందులో ఖరీదైన పరికరం ఏదీ లేదు. కాని ఆ అరుపుల మధ్య, ఆ జనం మధ్య మీ కాళ్ళు మౌనంగా ఉన్నవాడి వైపే నడవాలంటే ఆ వరుస మీ ఆలోచనకంటే ముందే మీ చేతులలోకి వచ్చి ఉండాలి. అందుకే పదేపదే చేయిస్తారు.

ఆ వరుసలో మొదటిదైన స్థల పరిశీలనను చాలామంది శిక్షణార్థులు పెదవుల మీద అప్పజెప్పి ముందుకు పోతారు, నాకు అది నచ్చదు. పూడిక తీయడానికి పాత బావిలో దిగినవాడు స్పృహ తప్పితే, అతన్ని పైకి తేబోయి వెంట దిగినవాళ్ళు కూడా ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు మనం ఎన్నోసార్లు చదివాము. తెగిపడిన కరెంటు తీగ, ఒరిగిన లారీ నుంచి కారుతున్న డీజిలు, మలుపులో వెనుక నుంచి వచ్చే వాహనం, వీటిని చూసుకోకుండా దిగిన ఈఎంటీ మరొక రోగిగా మారతాడు.

తరువాతి మెట్లలోనూ ఒక నియమం పాటించాలి. కనిపించిన లోపాన్ని అక్కడే సరిచేసి గాని ముందుకు కదలకూడదు. ధారగా కారే రక్తాన్ని చూస్తే మిగిలినవన్నీ ఆపి, గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. ఊపిరి లెక్కపెట్టేటప్పుడు నిమిషానికి 12 నుంచి 20 ఉన్నాయా అని చూడడంతో సరిపెట్టక, ఛాతీ రెండు వైపులా సమానంగా లేస్తోందా అని గమనించాలి. స్పృహ తప్పిన ప్రతి మనిషికీ, కారణం ఎంత స్పష్టంగా ఉన్నట్టు తోచినా, వేలి నుంచి చుక్క రక్తం తీసి చక్కెర చూడాలి. మలేరియా జ్వరంతో ఫిట్స్ వచ్చిన పిల్లలలో చక్కెర పడిపోవడం మన జిల్లాలలో పనిచేసిన ప్రతి నర్సుకూ అనుభవమే. ఆ పడిపోయిన చక్కెరను ఇంటి గడపలోనే సరిదిద్దవచ్చు.

తలకు దెబ్బ తగిలినవారి స్పృహను కొలవడానికి 1974లో గ్లాస్గో నగరంలోని ఇద్దరు న్యూరోసర్జన్లు తయారుచేసిన కొలమానాన్ని నేడు ప్రపంచమంతా వాడుతున్నారు. కళ్ళు తెరవడం, మాట్లాడడం, కదలడం అనే మూడింటికి మార్కులు వేస్తే పూర్తి స్పృహకు 15, అతి తక్కువకు 3 వస్తాయి. ఒక్కసారి వేసిన మార్కు మీద అంతగా ఆధారపడలేము. బయలుదేరినప్పుడు 14 ఉన్నది దారిలో 11కు దిగిందంటే ఆ తేడా తలలో రక్తం చేరుతోందేమోనని డాక్టరును హెచ్చరిస్తుంది. అందుకే పరిస్థితి విషమంగా ఉన్నవారిని ప్రతి 5 నిమిషాలకు, నిలకడగా ఉన్నవారిని ప్రతి 15 నిమిషాలకు మొదటి నుంచి మళ్ళీ చూడాలి.

బొమ్మ గురించి కూడా అడిగారు కదా. గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కడం నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున, ప్రతి నొక్కు తరువాత ఛాతీ పూర్తిగా పైకి లేచేలా జరగాలి. 30 నొక్కులకు 2 ఊపిరులు ఇవ్వాలి. రెండు నిమిషాలు గడిచేసరికి నొక్కేవారి చేతులు అలసిపోతాయి, లోతు తగ్గుతుంది, అయితే ఆ సంగతి నొక్కేవారికి తెలియదు. పక్కన నిలబడిన శిక్షకుడు చెబితేనే తెలుస్తుంది. పుస్తకం చదివి దీనిని నేర్చుకున్నవారు నాకు ఇంతవరకు తారసపడలేదు. 1960లో నార్వే దేశపు బొమ్మల తయారీదారు ఆస్మండ్ లార్డాల్ ఇటువంటి శిక్షణ బొమ్మను రూపొందించడానికి ప్రోత్సాహం ఇచ్చినవారిలో పీటర్ సాఫర్ అనే మత్తు డాక్టరు ఒకరు. ఆ సాఫర్ గారే 1967లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో, పనీపాటూ దొరకని నల్లజాతి పేట యువకులను చేరదీసి, సుమారు 300 గంటల శిక్షణ ఇచ్చి ఫ్రీడమ్ హౌస్ అనే అంబులెన్సు సేవను నిలబెట్టారు. అంతకుముందు ఆ నగరంలో రోగులను పోలీసు వ్యానులలో పడుకోబెట్టి తీసుకుపోయేవారు. చేతితో చేయించి, తప్పు దిద్ది, మళ్ళీ చేయిస్తే ఏ పేట పిల్లలైనా ఈ విద్యను గొప్పగా నేర్చుకోగలరని వారు చూపించారు. మన కొండ ఊళ్ళ పిల్లలకు శిక్షణ ఇచ్చేటప్పుడు నాకు ఆ సంగతి తరచు గుర్తుకు వస్తుంది.

ప్రశ్న: మా మామగారికి అర్ధరాత్రి ఆయాసం వచ్చినప్పుడు 108కి ఫోను చేశాము. వచ్చినవారు వెంటనే వాహనం ఎక్కించకుండా పది నిమిషాలకు పైగా ఇంట్లోనే ఏవేవో చూస్తూ, ఆక్సిజను పెడుతూ ఉన్నారు. మా బంధువులు వారిమీద కోప్పడ్డారు. తరువాత ఆయన కోలుకున్నారు, కాని ఆ ఆలస్యం సరైనదేనా అన్న సందేహం నాకు ఇంకా పోలేదు.
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మీ ఆందోళన సహజమైనదే. మంచం మీద ఉన్నవారు మనవారైతే ప్రతి నిమిషమూ గంటలా గడుస్తుంది. అయినా మీ ఇంటికి వచ్చిన ఈఎంటీ చేసిన పని ఆలస్యం కిందకు రాదని నా అభిప్రాయం. ఆయాసపడుతున్న మనిషిని అలాగే మోసుకుపోయి వాహనంలో వెల్లకిలా పడుకోబెడితే, ముఖ్యంగా గుండె బలహీనపడి ఊపిరితిత్తులలో నీరు చేరినవారికి, దారిలోనే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. ముందు కూర్చోబెట్టి, కాళ్ళు కిందికి వేలాడదీసి, ఆక్సిజను పెట్టి, అది ఉబ్బసమా, గుండె ఆయాసమా, పొగతాగే అలవాటు వల్ల వచ్చిన పాత జబ్బా అని విని చూసి, తగిన మందు మొదలుపెట్టి బయలుదేరితే ఆ ప్రయాణాన్ని రోగి తట్టుకుంటాడు. ఆక్సిజను కూడా అందరికీ ఒకే లెక్కన ఇచ్చేది కాదు. మామూలుగా 94 శాతానికి తగ్గకుండా చూస్తారు, కాని ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి 88 నుంచి 92 మధ్య ఉంచితేనే మేలు.

ఏ రోగి దగ్గర ఆగాలి, ఏ రోగిని తీసుకుని పరుగెత్తాలి అన్నది ఈ వృత్తిలో అన్నిటికంటే కష్టమైన నిర్ణయమని నేను భావిస్తాను. శిక్షణలో ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలని కూడా అంటాను. గుండె ఆగినవారికి ఉన్నచోటే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి, ఎందుకంటే మలుపులు తిరిగే వాహనంలో నిలబడి సరిగ్గా నొక్కడం దాదాపు అసాధ్యం. ఫిట్స్ ఆపడం, చక్కెర ఎక్కించడం, ఉబ్బసానికి మందు పొగ పెట్టడం కూడా అక్కడే చేయవలసినవి. పొట్టలోనో ఛాతీలోనో లోపల రక్తం కారుతున్నవారికి మాత్రం వాకిట్లో చేయగలిగింది ఏమీ లేదు. వారికి ఆపరేషన్ బల్ల ఒక్కటే చికిత్స, సెలైను సూది కూడా దారిలో పెట్టుకోవలసిందే. పక్షవాతంలో మూతి వంకర, చెయ్యి వాలిపోవడం, మాట తడబడడం కనిపించగానే, మనిషి ఆఖరుసారి మామూలుగా ఉన్న గడియ ఎప్పుడో ఇంటివారిని అడిగి రాసుకుని కదలాలి. గడ్డను కరిగించే మందు సాధారణంగా ఆ గడియ నుంచి 4.5 గంటల లోపే ఇస్తారు. నిద్రలోంచి లేచేసరికే చెయ్యి పడిపోయి ఉంటే, లేచిన సమయం లెక్కలోకి రాదు, రాత్రి పడుకున్న సమయమే రాయాలి. ఈ చిన్న తేడా తెలియక చాలామంది తప్పు రాస్తారు.

పర్లాకిమిడి నుంచి బరంపురం వైద్య కళాశాల నూరు కిలోమీటర్ల పైమాటే. ఇంత దూరాలు ఉన్న చోట దగ్గరి ఆసుపత్రికి పోవడమా, తగిన ఆసుపత్రికి పోవడమా అన్న ప్రశ్న ప్రతి రాత్రీ ఎదురవుతుంది. స్కానింగు లేని చోటికి పక్షవాతం రోగిని చేర్చి, అక్కడి నుంచి మరో వాహనం కోసం ఎదురుచూస్తే ఆ 4.5 గంటలు కరిగిపోతాయి. తన పరిధిలో ఏ ఆసుపత్రిలో రాత్రిపూట రక్తం దొరుకుతుంది, ఎక్కడ స్కానింగు ఉంది, ఏ వాగు పొంగితే ఏ దారి మూసుకుపోతుంది అనే వివరాలను మందుల మోతాదులంత శ్రద్ధగా ఈఎంటీ చేత కంఠతా పట్టించాలి.

ప్రశ్న: మా ఊరిలో పాము కాటు వేసిన వ్యక్తికి జనం కాలికి గట్టిగా తాడు కట్టారు. తాడు కట్టకూడదని మేము పిల్లలకు పాఠంలో చెబుతాము. కాని అంబులెన్సులో వచ్చిన ఈఎంటీ ఆ తాడును వెంటనే విప్పలేదు. ఎందుకు? పాము కాటుకు వారికి ఏమి నేర్పుతారు?
— ఒక ఉపాధ్యాయుడు, కాశీపూర్ సమీప గ్రామం, రాయగడ జిల్లా

జవాబు: మాస్టారూ, చాలా మంచి విషయం గమనించారు. తాడు కట్టడం తప్పే. అయితే బిగించి కట్టిన తాడును ఒక్కసారిగా విప్పడం ఇంకొక తప్పు. కట్టుకు దిగువన చిక్కుకున్న విషం ఒక్క ఉదుటున శరీరమంతా పాకి, రక్తపోటు పడిపోవచ్చు, ఊపిరి కండరాలు చచ్చుబడవచ్చు. అందుకని కట్టుకు దిగువన నాడి అందుతోందా అని ముందు చూడాలి. నాడి అందకపోతే, ఆ ముప్పును ఎదుర్కోగల డాక్టరు పక్కన ఉన్నప్పుడే విప్పాలని మన దేశపు చికిత్సా మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ ఊరికి వచ్చిన ఈఎంటీ ఆ పాఠాన్ని శ్రద్ధగా విన్న మనిషై ఉంటాడు.

మన దేశంలో పాము కాటు వల్ల 2000 నుంచి 2019 వరకు సగటున ఏటా 58,000 మంది చనిపోయారని పరిశోధకులు అంచనా వేశారు. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. ఆ లక్ష్యం నెరవేరడం మన ప్రాంతం వంటి చోట్ల తొలి గంటలో ఏమి జరుగుతుంది అన్న దానిమీదే ఆధారపడి ఉంటుంది.

విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషానికి కలిపి తయారుచేసినది. మొదటి విడతగా సాధారణంగా 10 సీసాలు ఎక్కిస్తారు, పిల్లలకైనా పెద్దలకైనా ఒకే మోతాదు, ఎందుకంటే పాము పిల్లవాడని చూసి విషం తగ్గించి వదలదు. ఆ మందు కొందరిలో ఉన్నట్టుండి తీవ్రమైన ఎలర్జీ తెస్తుంది కనుక దానిని ఎదుర్కొనే ఏర్పాట్లున్న ఆసుపత్రిలోనే ఇవ్వాలి. అయితే ఈఎంటీ చేయగలిగినది ఏమీ లేదని మాత్రం అనుకోకండి. కాటు పడిన కాలినో చేతినో విరిగిన ఎముకకు కట్టినట్టు చెక్కతో కదలకుండా కట్టడం, ఉంగరాలు, మెట్టెలు, కడియాలు వాపు రాకముందే తీయించడం, నడవనివ్వకపోవడం, పామును వెతికి చంపడంలో సమయం పోగొట్టుకోనివ్వకపోవడం అతని మొదటి పనులు.

అన్నిటికంటే జాగ్రత్తగా నేర్పవలసినది కట్లపాము సంగతి. అది రాత్రిపూట నేల మీద పడుకున్నవారిని కాటు వేస్తుంది, నొప్పి దాదాపు ఉండదు, గాట్లు కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపు నొప్పి, వాంతులు అంటూ లేస్తారు. ఇంటివారు అజీర్తి అనుకుని వాము నీళ్ళు తాగిస్తారు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, గుటక పడదు, మాట ముద్దగా వస్తుంది. అందుకే వానాకాలంలో నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపు నొప్పితో లేచి, రెప్పలు ఎత్తలేకపోతుంటే, కాటు గుర్తు దొరకకపోయినా కట్లపాముగానే ఎంచమని నేను శిక్షణార్థులకు చెబుతాను. ఒక్క గుక్కలో ఎంతవరకు లెక్కపెట్టగలరో పది నిమిషాలకు ఒకసారి లెక్కింపజేయడం చాలా తేలికైన పరీక్ష. మొదట 30 వరకు లెక్కపెట్టినవారు తరువాత 15 దగ్గరే ఆగిపోతుంటే ఊపిరి కండరాలు అలసిపోతున్నాయని అర్థం.

ఊపిరి చాలనప్పుడు ముఖానికి మాస్కు అదిమి పెట్టి సంచిని పిండుతూ గాలి అందించాలి. 5 నుంచి 6 సెకన్లకు ఒకసారి, ఛాతీ లేచేంత మాత్రమే పిండాలి. కంగారులో అందరూ వేగంగా పిండుతారు, గాలి పొట్టలోకి పోయి వాంతి వస్తుంది. ఒకరు రెండు చేతులతో మాస్కు బిగించి పట్టుకుని, మరొకరు సంచిని పిండితే ఈ ఇబ్బంది తగ్గుతుంది, కాబట్టి రోగి అన్ననో తమ్ముడినో పక్కన కూర్చోబెట్టుకుని సంచి పిండడం నేర్పించే నేర్పు కూడా ఈఎంటీకి ఉండాలి. ఈ ఒక్క పనిని ఆసుపత్రి చేరేవరకు ఆపకుండా చేస్తే పూర్తిగా చచ్చుబడిన మనిషి కూడా బతకగలడు. మరొక్క మాట. కట్లపాము విషం కండరాలను కట్టివేస్తుందే గాని చెవులను మూసివేయదు. కళ్ళు తెరవలేక, వేలు కదపలేక పడి ఉన్న ఆ మనిషికి చుట్టూ జరుగుతున్నదంతా వినిపిస్తూ ఉండవచ్చు. 'ఇక లాభం లేదు' అన్న మాట అతని దగ్గర ఎవరూ అనకూడదు. 'గాలి అందిస్తున్నాము, ఆసుపత్రి దగ్గరపడింది' అని దారి పొడవునా అతనికి చెబుతూ ఉండాలి. దీనిని నేను మందు మోతాదుతో సమానమైన పాఠంగానే చెబుతాను.

ప్రశ్న: ఈఎంటీ డాక్టరు కాదు కదా, ఇంజక్షన్లు ఇచ్చే అధికారం అతనికి ఎక్కడిది? మా ప్రాంతంలో అతనికి రోగుల భాషలన్నీ రావు కూడా. అటువంటప్పుడు జబ్బును ఎలా గుర్తిస్తాడు?
— ఒక పాఠకుడు, జయపురం

జవాబు: మీ మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. ఈఎంటీ ముందుగా రాసి పెట్టిన చికిత్సా నియమాల ప్రకారం, అవసరమైతే కాల్ సెంటరులో కూర్చున్న డాక్టరుతో ఫోనులో మాట్లాడి, ఆయన చెప్పిన మందు ఇచ్చి, దానిని రోగి రికార్డులో నమోదు చేస్తాడు. హైదరాబాదులో 2005 ఆగస్టు 15న 108 సేవ మొదలైన తరువాత ఒడిశాకు అది 2013లో వచ్చింది. మహారాష్ట్ర 2014లో సేవను ప్రారంభించినప్పుడు వాహనంలోనే డాక్టరును ఉంచే పద్ధతి ఎంచుకుంది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం అత్యవసర వైద్య సాంకేతికులను గుర్తింపు పొందిన వృత్తుల జాబితాలో చేర్చింది.

రెండవ ప్రశ్న నా మనసుకు ఎంతో దగ్గరైనది. మన జిల్లాలలో ఒక వాహనం ఒకే రోజున ఒడియా ఇంటికి, తెలుగు ఇంటికి, సవర ఊరికి, కువి మాట్లాడే కొండ ఊరికి వెళ్ళవలసి వస్తుంది. రోగి చెప్పే సంగతులలో ఈఎంటీకి తప్పనిసరిగా కావలసినవి ఆరు: బాధ ఏమిటి, మందు ఏదైనా పడదా, రోజూ ఏ మందు వాడుతున్నారు, పాత జబ్బులున్నాయా, ఆఖరున ఎప్పుడు ఏమి తిన్నారు, ఇది ఎలా మొదలైంది. ఈ ఆరింటినీ నాలుగు భాషలలోనూ అడగడం నేర్పితే చాలా ప్రమాదాలు తప్పుతాయి. తెలిసినట్టే వినిపించే మాటలతో ఇంకా జాగ్రత్త కావాలి. ఒడియాలో 'పేట' అంటే పొట్ట, 'జర' అంటే జ్వరం. 'నిశ్వాస' అని వారు మామూలు ఊపిరినే అంటారు, మనమేమో విడిచే గాలికి మాత్రమే ఆ మాట వాడతాము.

మన తెలుగులోనే ఒక చిక్కు ఉంది. గుండెపోటు వచ్చిన మనిషి 'గ్యాసు పట్టేసింది' అంటాడు, ఇంటివారు సోడా తాగిస్తారు. మధుమేహం ఉన్నవారికి, ఆడవారికి ఛాతీ నొప్పి లేకుండా చెమటలు, నీరసం, వికారం మాత్రమే రావచ్చు. 'గ్యాసు' అన్న మాట వినగానే చెమట పట్టిందా, నొప్పి దవడకో చేతికో పాకుతోందా, మెట్లు ఎక్కితే ఎక్కువవుతోందా అని అడగడం, వాహనంలో ఈసీజీ యంత్రం ఉంటే 10 నిమిషాల లోపు తీయడం, రక్తస్రావమూ ఎలర్జీ లేవని తెలుసుకుని, డాక్టరు సలహాతో 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించడం ఈఎంటీ విధి. భాష ఒక్కటీ రాని చోట కూడా చెయ్యి చూపించి 'ఇక్కడేనా' అని అడగవచ్చు, నుదుటి మీది చల్లని చెమటను తాకి తెలుసుకోవచ్చు. సరిహద్దు ఊళ్ళలోని పాఠకులకు ఒక సూచన కూడా చేస్తాను. ఫోను పక్క రాష్ట్రపు టవరును పట్టుకుంటుందేమోనన్న అనుమానంతోనే మాట మొదలుపెట్టి, 'ఒడిశా, రాయగడ జిల్లా' అని రాష్ట్రం పేరు, జిల్లా పేరు ముందు చెప్పి, తరువాత ఊరి పేరు చెప్పండి.

ప్రశ్న: నేను ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. కొండ మీది ఊళ్ళ నుంచి గర్భిణులను డోలీలో రోడ్డు వరకు దించి అంబులెన్సు ఎక్కిస్తాము. కొన్నిసార్లు కాన్పు వాహనంలోనే అయిపోతుంది. అటువంటప్పుడు ఈఎంటీ, మేము కలిసి ముందుగా చూసుకోవలసినది ఏమిటి?
— ఒక పాఠకురాలు, గుడారి

జవాబు: అమ్మా, మీరు చేస్తున్న పనికి ముందుగా నా నమస్కారం. బిడ్డ తల కనిపిస్తున్నప్పుడు వాహనాన్ని రోడ్డు పక్కన ఆపించండి, కదులుతున్న బండిలో కాన్పు చేయవద్దు. బిడ్డ పుట్టగానే తుడిచి, ఆరబెట్టి, తల్లి ఒంటికి ఆనించి కప్పండి. ఏడవని బిడ్డకు మొదటి నిమిషం లోపే మాస్కుతో ఊపిరి అందించడం మొదలుపెట్టాలి. ఈ పనిని ఈఎంటీకి అప్పగించి మీరు తల్లి దగ్గర ఉండండి, ఎందుకంటే బిడ్డను చూస్తూ అందరూ తల్లిని మరచిపోయే క్షణం అదే.

బిడ్డ పుట్టిన వెంటనే, కడుపులో రెండవ బిడ్డ లేదని తెలుసుకున్నాక, గర్భసంచిని బిగించే మందైన ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండరానికి ఇవ్వాలి. మాయ పడిన తరువాత పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే గర్భసంచి బంతిలా గట్టిగా తగలాలి. మెత్తగా తగిలితే గట్టిపడేవరకు రుద్దుతూ ఉండండి, మూత్రాశయం నిండి ఉంటే ఖాళీ చేయించండి, కాల్ సెంటరు డాక్టరుతో మాట్లాడి, అదే పని చేసే మిసోప్రోస్టాల్ మందు గురించి అడగండి. రక్తం 500 మిల్లీలీటర్లు దాటితే ప్రమాదమని పుస్తకం చెబుతుంది, కాని మన తల్లులలో చాలామందికి ముందే రక్తం తక్కువ కనుక అంతకంటే తక్కువ పోయినా నాడి వేగం పెరిగి, చేతులు చల్లబడి, దాహం దాహం అంటూ ఉంటారు. రక్తపోటు అంకె చాలాసేపు మామూలుగానే కనిపిస్తుంది, దానిని నమ్ముకుని ఊరుకోవద్దు. కాన్పుకు ముందుగాని తరువాతగాని ఫిట్స్ వస్తే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, మెగ్నీషియం సల్ఫేటు తొలి మోతాదుగా ఒక్కో పిరుదులో 5 గ్రాముల చొప్పున మొత్తం 10 గ్రాములు ఇచ్చి కదలాలి.

తడిసిన గుడ్డలను పారవేయకండి. ఎన్ని గుడ్డలు మార్చారో, మొదటిది ఎన్ని గంటలకు మార్చారో ఒక అంటుపట్టీ మీద రాసి తల్లి చేతికి అంటించి, ఆ గుడ్డలను సంచిలో వేసి వెంట పంపండి. ఎన్ని సీసాల రక్తం సిద్ధం చేయించాలో తేల్చుకోవడానికి కాన్పు గదిలోని డాక్టరు ముందుగా చూసేది వాటినే.